కాదనే మనిషి

జీడి రసం చేతుల్ని కాల్చకుండా బొడ్డమ్మ అరచేతులకు బూడిద పూసుకుంటుంటే, ఎదుటి మిషన్ దగ్గర రాజకుమారి ఆముదం రాసుకుంటూ మూతి విరిచింది.

"బూడిదేటే, నీ మొకం! సేతులు బీటలు తీసీసినాయి, సూడు."

"నీ ఆముదానికి పిక్క జారిపోతాది. నీకేటి తెల్సు?"

పలాసలో ఆ జీడిపిక్కల షెడ్డులో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ముప్పై ఏళ్ళు దాటింది. వయసులో ఉన్నప్పుడు బొడ్డమ్మకు తనని కాదన్నవాళ్ళంతా శత్రువులే. రాజకుమారి జుట్టు కూడా ఓసారి పట్టుకుంది. ఇప్పుడు డెబ్బై దగ్గరపడ్డాక ఏం మాట్లాడినా అందరూ "అలాగే మామ్మా" అనేవాళ్ళే. కొడుకూ అంతే, కోడలూ అంతే. అలాగే అంటారు, తమకు తోచింది చేసేస్తారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. రాజకుమారి పనికి రాని రోజున మాత్రం ఏమీ తోచదు.

పొద్దుటి టీ వేళకి యజమాని కొడుకు భానుప్రకాష్ వచ్చి, రేపటి నుంచి ముసలివాళ్ళు పిక్క కొట్టే మిషన్లు వదిలి పొట్టు వలిచే గదికి వెళ్ళాలన్నాడు. ఆ గదికి వెళ్ళినవాళ్ళు ఏడాది తిరక్కుండా ఇంటికే.

"నాను ఎల్లను," అంది బొడ్డమ్మ.

"అలాగే మామ్మా," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అంటే వెళ్ళాల్సిందేనన్నమాట.

రాజకుమారి కొట్టడం ఆపింది. "ఆడన్నది నిజిమే. నీకు కళ్ళు ఆనట్లేదు. పప్పంతా బద్దలైపోతంది."

"నీ గుడ్డి కళ్ళకి నా పప్పు కనిపిత్తందేటి?"

బొడ్డమ్మ పిడికెడు పప్పు తెచ్చి ఆమె ముందు పోసింది. రాజకుమారి ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసింది. ఎంతకాలమైందో తన పనిని ఎవరైనా ఇలా చూసి! కోపంతో పాటు బొడ్డమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"బద్దలే ఎక్కువ," అంది రాజకుమారి. "అయినా లెగకు. నువ్వు లెగిత్తే నానెవుల్తో తగువాడతాను?"

ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు. మధ్యాహ్నం కళ్ళు తిరుగుతున్నాయని కుళాయి దగ్గరికి వెళ్ళిన రాజకుమారి అక్కడే కూలబడింది. ఆటో ఎక్కించేసరికే ప్రాణం పోయింది.

"ఎంత మంచి మనిసి! ఎవుల్నీ ఒక్క మాట అన్లేదు," అని షెడ్డులో ఆడవాళ్ళంతా ఏడ్చారు.

"అబద్దం!" బొడ్డమ్మ అరిచింది. "నన్ను ముప్పై ఏళ్ళు తిట్టింది. నా మొకమ్మీద ఉన్నమాట సెప్పినది అదొక్కర్తే. దాన్ని నోరు లేనిదాన్ని సేసి సాగనంపకండి!"

"అలాగే మామ్మా, ఇంటికెళ్ళు," అన్నాడు భానుప్రకాష్.

"అలాగే అనకు. కాదను! కాదని, ఎందుకు కాదో సెప్పు. అప్పుడు ఎల్తాను."

అతను గేటు వైపు నడిచాడు. బొడ్డమ్మ తన మిషన్ ముందు చతికిలబడింది. రేపూ ఇక్కడే కూర్చుంటుంది, ఎవరొచ్చి లేపుతారో చూస్తుంది. కళ్ళు తుడుచుకుని తలెత్తింది. ఎదురుగా రాజకుమారి మిషన్ కత్తుల మధ్య సగం తెగిన పిక్క ఒకటి ఇరుక్కుని ఉంది.