పొగగొట్టం కోసిన రోజు

వంతెన వచ్చాక జనమే స్టీమరెక్కడం మానేశారట. రేవులో కొత్తగా నిలబెట్టిన పలక మీద అలా రాశారు. రాసినవాడి చేతులు పడిపోను. ఆ స్టీమరుకి చివరి సరంగుని నేను, చుక్కాని పట్టినవాణ్ణి. జనం మానలేదు, మాన్పించారు.

వంతెన కూలీలని రోజూ నది మధ్యన స్తంభాల దగ్గర దింపింది కూడా నా స్టీమరే. వాళ్ళలో మా అల్లుడొకడు, వెల్డరు. అవతలి ఒడ్డున ఎక్కి, మా అమ్మాయి కట్టిచ్చిన క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, నా వెనక బల్ల మీద కునికేవాడు. చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

"నా పొట్ట కొట్టే పనికి నా స్టీమర్లోనే పోతున్నావు, సిగ్గులేదూ?" అనేవాణ్ణి.

వాడు నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుని, "పైన బస్సులు, కింద స్టీమరు. మీ దారి మీదే మామయ్యా," అనేవాడు. ఆ మాట నమ్మి మా ఆవిడకి కూడా ధైర్యం చెప్పాను.

తీరా దూలాలు వేశాక చూస్తే, నది ఎగువ రేవులకి వెళ్ళడానికి వంతెన కింద మా పొగగొట్టం పట్టదు. సగానికి కోసెయ్యమని ఆఫీసు నుంచి హుకుం. గ్యాసు కట్టరుతో దిగింది ఎవరనుకున్నారు? మా అల్లుడే.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?"

"పని చెప్పారు, వచ్చాను. జరగండి, నిప్పురవ్వలు పడతాయి."

నేను జరగలేదు. వాడే నన్ను పక్కకి నెట్టి కోశాడు. మర్నాటి నుంచి పొగంతా జనం నెత్తిన. బట్టలు మసిబారాయి, పిల్లలు దగ్గి దగ్గి కక్కుకున్నారు. ఒక్కొక్కరే బస్సెక్కారు. వానలు వెలిసేలోపు స్టీమరు ఆపేసి నన్ను ఇంటికి పంపారు.

ఆ ఆదివారం కూతురూ అల్లుడూ మా ఇంటికి భోజనానికొచ్చారు. ఉండబట్టలేక అడిగేశాను.

"నిజం చెప్పు. గొట్టం పట్టదని నీకెప్పుడు తెలిసింది?"

వాడు కంచంలోంచి తలెత్తలేదు. "స్తంభాలు లేచినప్పుడే. మేమందరం అనుకున్నాం."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?"

"అంటే మమ్మల్ని ఎక్కించుకునేవారు కాదుగా మామయ్యా."

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. అమ్మాయి మాత్రం మొగుడికి అన్నం వడ్డిస్తూనే ఉంది.

"నీకూ తెలుసా తల్లీ?" అన్నాను.

"ఆయన జీతంతోనే కదా నాన్నా మా ఇల్లు గడిచేది," అంది.

చెయ్యి కడిగేసుకుని లేచాను. వాళ్ళింటికి వెళ్ళాలంటే ఇప్పుడు ఆ వంతెనే దిక్కు. కొన్నాళ్ళకి మనవడు పుట్టాడని కబురొచ్చింది. మా ఆవిడ ఒక్కతే బస్సెక్కి వెళ్ళి చూసొచ్చింది.