ఎర్రచుక్క

మీటింగు హాల్లో అందరి ముందూ పెద్ద డాక్టరు తన జూనియర్ని కడిగిపారేస్తున్నాడు. ఆయన చేసిన ఆపరేషన్లో ఆమె పెట్టుకున్న కెమెరా కళ్లద్దాలు, ఆమె చూపు వాలిన చోటల్లా వీడియోలో ఎర్రచుక్క పెట్టాయి. ఆ వీడియోనే తెర మీద ఆడుతోంది.

"కోత మీద ఒక్క చుక్కయినా ఉందా? దిక్కులు చూడ్డానికొచ్చావా తల్లీ?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి, వీడియోని వెనక్కి తిప్పి నెమ్మదిగా నడిపింది. చుక్క ఆయన చేతిని వదల్లేదు. ఆ చేతిలో కత్తి వణుకుతోంది.

"దిక్కులు చూళ్లేదు సార్! ఈ కత్తి ఎక్కడ జారుతుందోనని చచ్చేంత భయంతో కాపలా కాశాను!"

ఆయన కుడిచెయ్యి మెల్లగా కోటు జేబులోకి దూరింది. హాల్లో అందరి చూపూ దాని వెంటే వెళ్లింది.