ఖాళీగానే ఉన్నావుగా

"ఖాళీగానే ఉన్నావుగా, ఇది కాస్త చూడు" అని మొగుడు మొదటిసారి ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టినప్పుడు ఆమె చంకలో పసిపిల్ల ఉంది, బకెట్లో తడిబట్టలున్నాయి, పొయ్యి మీద పాలున్నాయి. ఆ మాటకి కోపం రావాల్సింది. రాలేదు. కళ్ళు అప్పటికే తెర మీది అక్షరాల్లోకి వెళ్ళిపోయాయి. పాలు పొంగి పొయ్యంతా పాడైంది. అత్తగారు వచ్చి స్టవ్వు కట్టేసి, కంప్యూటర్ కనిపిస్తే చాలు, ఇల్లు తగలబడుతున్నా పట్టదు దీనికి, అని గోడకి చెప్పింది.

పెళ్ళికి ముందు ఆమె ఉద్యోగం అదే. కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండి అన్నిటినీ నడిపించే ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు. అది ఎవరికీ కనబడదు, అది లేకపోతే యంత్రం కట్టెతో సమానం. ఆ కెర్నెల్‌కీ తెరకీ మాట కలిపే కోడ్ ఆమె రాసేది. ఆఫీసులో కొత్త మానిటర్ ఏదైనా వెలగకుండా మొండికేస్తే, "పిలవండ్రా తెరలమ్మని" అనేవాళ్ళు. తెరలమ్మ వచ్చేది, కూర్చునేది, టీ చల్లారేలోగా తెర వెలిగేది. కడుపుతో ఉన్నప్పుడు మానేసింది. మానేసిందంటే, మానిపించారు. పిల్ల నడిచేదాకా అన్నారు. పిల్ల నడిచింది, పరుగెత్తింది, బడికి పోవడం మొదలుపెట్టింది. మళ్ళీ ఉద్యోగం మాట ఎత్తిన ప్రతిసారీ ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరం వచ్చేది.

పిల్ల పుట్టిన ఏడాదే మొగుడు ఆసుపత్రులకి తెరలు తయారుచేసే కంపెనీలో చేరాడు. నర్సుల బల్ల మీద ఉండే పెద్ద తెరలవి. వార్డులో ఎన్ని మంచాలుంటే అన్ని గుండెలూ దాని మీద గీతలై పాకుతుంటాయి. అతను తెలివితక్కువవాడేం కాదు. మాటకారి, నలుగురిలో నెగ్గుకొచ్చే మనిషి. తెరల మోడ్లూ టైమింగులూ అనేసరికి మాత్రం తల పట్టుకునేవాడు. అందుకే ఇంటికి తెచ్చేవాడు. పిల్ల నిద్రలో, తర్వాత్తర్వాత బడిలో, అత్తగారు కునుకులో ఉన్న మధ్యాహ్నాలు ఆమె వంటింటి బల్ల మీద రాసేది. సాయంత్రం అతను తీసుకుని, పైన తన పేరు పెట్టుకుని పంపేవాడు.

అది దోపిడీ అని ఆమెకి తెలియక కాదు. ఆ పని అంటే ఇష్టం, అదీ తంటా. తెర వెలిగించడమంటే మీట నొక్కడం కాదు. ముందు కెర్నెల్ తెరని పలకరించాలి. నీ వెడల్పెంత, ఎత్తెంత, సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చుకోగలవు అని అడగాలి. తెర తన సంగతి తను చెప్పుకుంటుంది. చెప్పుకోలేని తెరైతే, తయారీదారులందరూ ఒప్పుకున్న ప్రామాణిక మోడ్ల, అంటే కొలతల, పట్టికలోంచి దానికి సరిపడేది ఏరి ఇవ్వాలి. కొలతలొక్కటే చాలవు. ఒక గీత పంపాక కాస్త విరామం, ఒక సంకేతం, మళ్ళీ విరామం, అప్పుడే రెండో గీత. కొత్త రకం తెరలకి ఆ విరామం కొంచెమైనా సరిపోతుంది. విరామం తగ్గిస్తే అదే తీగలోంచి పెద్ద బొమ్మ పంపొచ్చు. కానీ తట్టుకోలేని పాత తెరకి తగ్గించి పంపితే, అది కాసేపు ఎలాగో లాక్కొచ్చి, వేడెక్కాక పట్టు తప్పి నల్లబడిపోతుంది. అందుకే ఆమె ఒక షరతు రాసింది. తక్కువ విరామం చాలని తెర తన నోటితో చెబితేనే తగ్గించాలి. చెప్పకపోతే బొమ్మ చిన్నదైనా సరే, నిండు విరామమే ఇవ్వాలి. అది రాసిన రోజున, నీకెంత విరామం కావాలని ఈ ఇంట్లో నన్నెవరూ అడగలేదే అనుకుని, తనలో తను నవ్వుకుని, లేచి కూరలు తరగడానికి పోయింది.

అతనికి ప్రమోషన్ వచ్చినప్పుడు ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచాడు. మేనేజరు చెయ్యి కడుక్కుంటూ, మావాడి కోడ్ పెడితే ఎలాంటి తెరైనా వెలగాల్సిందేనమ్మా అన్నాడు. తువ్వాలు అందిస్తున్న ఆమెకి ఒళ్ళంతా వెచ్చబడింది. మీరేం చేస్తుంటారని ఎవరో అడిగారు. ఆమె నోరు తెరిచేలోగా, ఇంట్లోనే ఉంటుంది, అదృష్టవంతురాలు, ఏ టెన్షనూ లేదు అని అతనే చెప్పేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రాత్రంతా ఆమెని నమిలింది అతని మాట కాదు, తన నవ్వు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒకరోజు అతను వేళకాని వేళ ఇంటికొచ్చాడు. ఆమె మంచం మీద బట్టలు మడతపెడుతోంది. అతను చెప్పులు కూడా విప్పకుండా వచ్చి బట్టల పక్కనే కూలబడి, జరిగింది చెప్పాడు. ఒక ఆసుపత్రిలో పొద్దున్న వార్డు తెర నల్లబడింది. వెలిగింది. మళ్ళీ నల్లబడింది. నర్సులిద్దరూ ఒక మంచం దగ్గర ఉన్నారు. చివరి మంచం మీది పెద్దాయన గుండె నెమ్మదించడం ఎవరూ చూడలేదు. పక్కనున్న చిన్న యంత్రం మోగుతూనే ఉందట, కానీ ఆ వార్డులో రోజంతా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. పెద్ద తెర చూస్తేనే ఎవరైనా పరుగెత్తేది. చూసేసరికి ఆలస్యమైంది. ప్రాణం ఉంది. స్పృహ లేదు.

"ఆ కోడ్ నీదే," అన్నాడు. "నువ్వు రాసిందే."

ఏడేళ్ళలో అతను దాన్ని ఆమెదనడం అదే మొదటిసారి.

ఆమె చేతిలోని చొక్కా మంచం మీద పెట్టింది. ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చింది నేనేనా, అనుకుంది. తర్వాత అతని ల్యాప్‌టాప్ తెరిచింది. వెతికిన చోట షరతు లేదు. ఏ తెరైనా, ఎంత పాతదైనా, తక్కువ విరామమే పోతోంది. ఇదెవరు తీశారని అడిగింది. డెమోలో బొమ్మ చిన్నదిగా ఉందని మేనేజరు విసుక్కున్నాడని, తను ఆ ఒక్క ముక్కా తీసేస్తే పెద్దగా వచ్చిందని, అందరూ చప్పట్లు కొట్టారని చెప్పాడు.

"నన్నొక్క మాట అడగలేకపోయారా?"

"నిన్నడిగి చేయాలా నా ఉద్యోగం?"

అంతటితో ఊరుకుంటే బాగుండేది. అతను గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. మేనేజరు నిలదీస్తే ఏం చెప్పాలో తోచక, ఇంట్లో మా ఆవిడ ల్యాప్‌టాప్ ముట్టుకుంది, ఏదో కెలికినట్టుంది అనేశాడు. ఇప్పుడు ఆమె అవునంటే చాలు. "నీకేం పోతుంది? ఉద్యోగమా సద్యోగమా?" గుమ్మంలో అత్తగారు నిలబడి అంతా విన్నది. వాడి మాట నిలబెట్టు, వాడు బాగుంటేనే కదా నువ్వూ పిల్లా బాగుండేది, అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. భయం ఉంది. అదే ఆమెని ఎక్కువ కుంగదీసింది.

స్నానాల గదిలోకెళ్ళి గడియ పెట్టుకుని కుళాయి తిప్పింది. ఏడుపు రాలేదు. నిజం చెబితే అతని ఉద్యోగం పోతుంది. అతనిది పోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుంది? తను రేపు ఎక్కడికైనా వెళ్ళి పని అడిగితే, ఇన్నేళ్ళూ ఏం చేశారమ్మా అంటారు. ఏం చెప్పాలి? బట్టలు మడతపెట్టానని చెప్పాలా? అవునని తలూపితే, కంప్యూటర్ ముట్టుకోకూడని ఆడది ముట్టుకుని ఒక మనిషి మీదికి తెచ్చిందన్న మాట జీవితాంతం మొయ్యాలి. పిల్ల కూడా అదే వింటూ పెరుగుతుంది. ఏ వైపు చూసినా గోడే. ఇన్నాళ్ళూ దాక్కుని రాశాను కాబట్టే కదా, తీసేయాలనుకున్నప్పుడు ఎవరిని అడగాలో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు, అని కూడా అనిపించింది. ఆ ఆలోచన దగ్గర ఆమె కుళాయి కట్టేసింది. అక్కడెక్కడో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయనకి ఈ ఇంటి గొడవతో ఏం పని?

బయటికొచ్చి షరతు తిరిగి రాసింది. సరిచేసిన కోడ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. వార్డు యంత్రాలకి బయటి నెట్ ఉండదు, అక్కడికెళ్ళే పెట్టాలి. అతను తటపటాయించాడు. రోగి తాలూకు మనుషులు అక్కడే ఉన్నారట, తనని చూస్తే ఊరుకోరేమోనట. ఆమె చెప్పులేసుకుంది. చేసేది లేక వెనకాలే వచ్చాడు.

వార్డు బయట బెంచీ మీద ఆమె వయసే ఉన్న ఒకావిడ, ఒళ్ళో మగవాళ్ళ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన కూతురు. ఈమె చేతిలోని ల్యాప్‌టాప్ చూసి, "మీరేనా బాగుచేసేది?" అని అడిగింది. ఆమె తలూపింది. "మా నాన్నని తెల్లారితే ఇంటికి పంపుతామన్నారండీ" అంది ఆవిడ. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

లోపల తెర అప్పుడు కూడా ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇంచార్జి నర్సు పక్కనే నిలబడి, తెర మాటిమాటికీ ఆరిపోతోందని ముందే కంపెనీకి ఫోన్ చేశామనీ, సారు అది మామూలే అన్నారనీ చెప్పింది. సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె కోడ్ పెట్టి యంత్రాన్ని తిరిగి ఆన్ చేసింది. బొమ్మ కాస్త చిన్నదిగా వచ్చింది. గీతలన్నీ కదిలాయి. చివరి మంచం గీత కూడా, సన్నగా, దూరం దూరంగా కదిలింది. ఎంతసేపు చూసినా తెర మళ్ళీ నల్లబడలేదు. నర్సు ఊపిరి వదిలి కుర్చీ లాక్కుంది.

"అయిపోయిందిగా, పద," అన్నాడతను. వరండాలోకి రాగానే ఆమె ఆగి, మిగతా ఆసుపత్రుల సంగతేమిటని అడిగింది. డెమో తర్వాత ఆ కోడ్ ఎన్ని చోట్లకి పోయిందో, పాత తెరలు ఎక్కడెక్కడున్నాయో. అతను మొహం చిట్లించాడు. అవన్నీ ఇప్పుడు తవ్వితే పెద్ద గొడవవుతుందని, మెల్లగా ఒక్కొక్కటీ మార్చుకుందామని, ముందు మేనేజరుతో ఆ ఒక్క మాటా చెప్పి ఈ గండం గట్టెక్కించమని బతిమాలాడు. పెళ్ళయ్యాక అతను ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలడం అదే మొదలు. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

మేనేజరు మెట్లెక్కి వస్తున్నాడు. ఆమెని ఎగాదిగా చూసి, "కెలికింది ఈవిడేనా?" అని అతన్నే అడిగాడు.

"కెలకలేదండీ, రాశాను," అంది ఆమె. "మొదటి నుంచీ మొత్తం నేనే రాశాను. పాత తెరలకి ఒక షరతు పెట్టాను. డెమోలో బొమ్మ పెద్దగా రావాలని అది తీసేశారు. తీసేసిన కోడ్ ఏ ఏ ఆసుపత్రులకి పోయిందో ఇప్పుడే చెప్పండి. ఆ తెరల్ని నమ్మొద్దని, మంచాల దగ్గర మనుషుల్ని పెట్టమని, ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి."

మేనేజరు అతని వైపు చూశాడు. అతను నేల వైపు చూశాడు. దీనికేం తెలుసు సార్ అని గొణిగాడు గానీ, ఆ మాట అతనికే నమ్మకంగా అనిపించలేదు. మీరు చెప్పేదేమిటో అర్థమవుతోందా, రేపు విచారణంటూ జరిగితే మీ పేరు కూడా వస్తుంది అన్నాడు మేనేజరు. తెలుసంది. అక్కడే బెంచీ మీద, కళ్ళజోడు పట్టుకున్న ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ అంతా విన్నది. జరిగి చోటివ్వలేదు, లేచి వెళ్ళనూ లేదు.

మేనేజరు ఆవిడ వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి, ఆసుపత్రుల పేర్లు చెప్పసాగాడు. ఒక్కోచోట ఏ రకం తెరలున్నాయో ఆమె అడుగుతోంది. మేనేజరు రెండో ఆసుపత్రికి ఫోన్ కలుపుతుండగా ఆమె ఫోన్ మోగింది. అత్తగారు. పిల్లని బడి నుంచి తెచ్చే వేళయిందని, ఎక్కడున్నావని, పొయ్యి మీద ఏమీ లేదని.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"మీ అబ్బాయి వస్తున్నారత్తయ్యా," అంది. "నాకు పనుంది."