వివరాలకు సంప్రదించండి

పప్పు మాడిన మాట నిజమే. అయితే అది ఫోన్ వల్ల మాడిందా, నా పరధ్యానం వల్ల మాడిందా అన్నదాని మీద మా ఇంట్లో వాదన అప్పటికే ముదిరిపోయింది.

"ఫోనొస్తే స్టవ్ తగ్గించి మాట్లాడాలమ్మాయ్. మేం పొయ్యి మీద కుండ పెట్టి పంచాయితీలే తీర్చాం" అంది మా అత్తయ్య దీనమ్మ.

"అసలు ఫోన్లే రాకుండా చెయ్యొచ్చు కదా అత్తయ్యా. కోర్సు వివరాలు పేజీలో అందరికీ కనబడేట్టు పెడితే ఇన్ని ఫోన్లెందుకొస్తాయి?" అన్నాను, మాడిన గిన్నె తోముతూ.

"మళ్ళీ మొదలెట్టావా హెప్సీ?" అన్నాడు మా ఆయన ఫిన్నీ, పేపరు దించకుండా. "వన్‌టౌన్‌లో ఏ హోల్‌సేల్ కొట్లోనైనా రేటు రాసిన బోర్డు చూశావా? మనిషి లోపలికి రావాలి. కూర్చోవాలి. అప్పుడు మాట. అన్నీ బయటే రాసేస్తే ఇంక మనల్ని అడిగేదెవరు?"

వాళ్ళ నాన్న వన్‌టౌన్‌లో ఒక కొట్లో గుమాస్తాగా చేసేవారు. ఆ కొట్టు మూతపడి చాలా కాలమైంది గానీ, దాని తెలివి మాత్రం మా ఇంట్లో ఇంకా కాపురం చేస్తోంది.

భవానీపురంలో మా ఇంటి ముందుగది ఒకప్పుడు మా ఆయన కంప్యూటర్ సెంటరు. కరోనాకి అది మూతపడ్డప్పుడు, పెళ్ళితో అటకెక్కిన నా ఎం.కామ్ కిందికి దిగింది. షాపుల్లో, ఆఫీసుల్లో ఉద్యోగం కావాలనుకునేవాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో వినేలా తెలుగులో అకౌంట్స్ పాఠాలు తయారుచేశాను. పడగ్గదిలో ఫ్యాను ఆపేసి, తలుపు కింద దుప్పటి కుక్కి, చెమటతో తడిసిపోతూ నా గొంతుతోనే రికార్డు చేశాను. కోర్సు పేరు మాత్రం 'ఫిన్నీ సార్ అకౌంట్స్'. పేజీ తెరిస్తే కోటు వేసుకున్న మా ఆయన ఫొటో, దాని కింద 'వివరాలకు సంప్రదించండి' అన్న మాట, దాని పక్కన నా ఫోన్ నెంబరు. అంతే. ఏం నేర్పుతారో, ఎన్నాళ్ళు నేర్పుతారో, ఫీజు ఎంతో నేను ఎప్పుడో రాసి పెట్టాను. రెండు పాఠాలు ఉచితంగా వినొచ్చని కూడా పెట్టాను. కానీ మా ఆయన పట్టుబట్టడంతో ఆ భాగమంతా చేరినవాళ్ళకే కనబడుతుంది. పాఠాల్లో గొంతు ఎవరిదో చేరినవాళ్ళకి మొదటి రోజే తెలుస్తుంది. బయటివాళ్ళకే తెలియదు.

"నా ఫొటో కింద నీ పేరుంటే జనం కన్‌ఫ్యూజ్ అవుతారు" అన్నాడు అప్పట్లో. "అయినా నీదీ నాదీ ఏంటి, మనం ఒకటే కదా" అని కూడా అన్నాడు. ఒకటే. ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే.

అలా ఆ వివరాలు నేనయ్యాను. ఆవాలు చిటపటలాడుతుంటే ఫోను. బట్టలారేస్తుంటే ఫోను. అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోబోతే ఫోను, ఎందుకంటే అవతలివాళ్ళకి తీరిక దొరికేదీ భోజనాల వేళే. "సార్ ఉన్నారా అండీ?" "సార్ క్లాసులో ఉన్నారండీ, నాకు చెప్పండి." సార్ పక్కనే సోఫాలో కునుకు తీస్తుండేవాడు. "మీరు సార్ గారి అసిస్టెంటా అండీ?" మొదట్లో ఈ ప్రశ్నకి నవ్వొచ్చేది. పోనుపోను "అవునండీ" అనడం అలవాటైపోయింది. ఎడమచేతిలో ఫోను, కుడిచేతికి ఎండిపోయిన మెతుకులు. మా అమ్మాయి డయానా ఒకసారి తన స్నేహితురాలితో "మా అమ్మకి చల్లన్నమే ఇష్టం" అంటుంటే విన్నాను. అది చాలా ప్రేమగా చెబుతోంది.

పప్పు మాడ్చిన ఆ ఫోను మైలవరం నుంచి. అమ్మాయి పేరు అఫ్సా, డిగ్రీ అయిపోయిందట. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టాను. అన్నీ అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "పాఠాలు సార్ చెప్తారా, మేడం చెప్తారా అండీ? మేడం అయితేనే మా ఇంట్లో ఒప్పుకుంటారు" అంది. నేను నోరు తెరిచేలోగా మా ఆయన వచ్చి ఫోను అందుకున్నాడు.

"నేనేనమ్మా చెప్పేది, ఫిన్నీ సార్‌ని. బోలెడంత అనుభవం."

"అయితే వద్దులెండి సార్" అని పెట్టేసింది.

వెంటనే నేను తిరిగి చేస్తే వాళ్ళ అన్నయ్య ఎత్తాడు. "సార్ స్వయంగా చెప్పారు కదండీ. ఇప్పుడు మీరు మేడం అంటున్నారు. మేం ఏది నమ్మాలి?" మర్యాదగానే అడిగాడు. పేజీ చూడమందామంటే అక్కడున్నదీ సార్ ఫొటోయే.

వాదన మొదలైంది అక్కడ. దాన్ని పప్పు మీదికి మళ్ళించింది మా అత్తయ్య.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" అని మళ్ళీ అడిగాను, గిన్నె బోర్లించి.

"అబద్ధమేముంది? సెంటరు నాది. అయినా ఒక్క పిల్ల పోతే ఏమవుద్ది?"

"మగాడి పేరుంటేనే నాలుగు తలుపులు తెరుచుకుంటాయమ్మాయ్" అంది అత్తయ్య.

"ఇవాళ తలుపు మూసుకుంది ఆ పేరు వినే కదా అత్తయ్యా."

ఆ పూట పచ్చడితో కానిచ్చాం.

నేను ఎం.కామ్‌లో చేరాలనుకున్నప్పుడు కాలేజీ గేటు దగ్గర ఒక నోటీసు బోర్డు ఉండేది. క్లాసులు ఎప్పుడు, ఎవరు చెబుతారు, ఎప్పటికి ఇంటికి రావచ్చు, అన్నీ ఆ బోర్డు మీద ఉండేవి. దారినపోయే ఎవరైనా చదువుకోవచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అది చదువుకుని వెళ్ళే మా నాన్నతో వాదించాను. ఆయన అడిగిన ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది. అఫ్సా వాళ్ళింట్లో ఏ జవాబు పట్టుకుని నిలబడుతుంది? ఆ పిల్ల చేతిలో నేను పెట్టింది ఒక ఫోన్ నెంబరు.

శనివారం మధ్యాహ్నం గ్రైండర్లో పిండి తిరుగుతుంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కోటు ఫొటో తీసేశాను. 'పాఠాలు చెప్పేది: హెప్సిబా, ఎం.కామ్' అని రాశాను. ఉచితంగా వినే రెండు పాఠాల్లో మొదటిదిగా తరుగుదల పాఠం పెట్టాను. వస్తువు వాడేకొద్దీ దాని విలువ ఎలా తగ్గించి రాస్తారో చెబుతున్న చోట మా కుక్కరు విజిల్ వేస్తుంది. ప్రొఫెషనల్‌గా లేదు, ఆ ముక్క తీసెయ్యమని మా ఆయన ఎన్నిసార్లన్నాడో. నేను తియ్యలేదు. అందరికీ కనిపించాలా అని పేజీ అడిగింది. అవును అని నొక్కాను. గ్రైండరు తిరుగుతూనే ఉంది. మైలవరం నెంబరుకి ఆ లింకు పంపి, 'ఎవరు చెబుతారో మీరే వినండి' అని రాశాను.

మర్నాడు చర్చిలో ఆరాధన అయి వచ్చాక కోడికూర, పులావు. వాళ్ళ ముగ్గురికీ వడ్డించి, నేనూ కంచం పెట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య వింతగా చూసింది. రోజూ నా వంతు అందరి తర్వాత కదా.

"ఒక మాట చెప్పాలి" అన్నాను. "కోర్సు వివరాలన్నీ నిన్నటి నుంచి అందరికీ కనబడుతున్నాయి. పాఠాలు చెప్పేది నేనని ఉంది. ఇంక అది తియ్యను."

"నన్నడక్కుండానా?" అన్నాడు మా ఆయన. "మరి నా ఫొటో?"

"తీసేశాను. ఫొటో బాగానే ఉంది, దాచుకోండి."

"ఫ్రేము కట్టించి గోడకి పెడదాంలే నాన్నా" అంది డయానా.

"ఛీ, నోర్ముయ్. బతికున్న మనిషికి అవేం మాటలే?" అంది అత్తయ్య. ఆవిడ పెదాల చివర నవ్వు ఆగడం లేదు. తర్వాత నా వైపు తిరిగింది. "అది సరేగానీ అమ్మాయ్, ఇంకా ఎవరైనా ఫోన్ చేస్తే?"

"అన్నీ అక్కడే ఉన్నాయి అత్తయ్యా. అయినా అడిగేవాళ్ళు అడుగుతారు. వాళ్ళ కోసం నెంబరూ ఉంచాను. నాది కాదు."

కాసేపటికి మా ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. ఎడమచేత్తో తీసి చూశాడు. తెలియని నెంబరు. ముద్ద పట్టుకున్న కుడిచెయ్యి అలాగే ఆగిపోయింది. ఏం చెయ్యమన్నట్టు నా వైపు చూశాడు. నా కంచంలో పులావు ఇంకా పొగలు కక్కుతోంది.

"ఎత్తండి" అన్నాను. "మేడం భోంచేస్తున్నారని చెప్పండి."