నీళ్ల చాటు మాట

“ఆ అమెరికావాళ్ల గోల కాసేపు పక్కన పెట్టి చేపలు కడుగు హైమా, మీ చినమామయ్య భోజనానికి వస్తున్నడు,” అంది అత్తయ్య.

నాది ఉద్యోగమని మా ఇంట్లో ఎవరూ అనుకోరు. అమెరికాలో ఒక టీవీ చానెల్ అక్కడి పోలీసుల మీదా జైళ్ల మీదా నెలల తరబడి కూపీ లాగి కార్యక్రమాలు చేస్తుంది. వాళ్లకు దొరికిన రికార్డింగులు హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ద్వారా సత్తుపల్లిలో మా వంటింటి పక్కగదికి వస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది విన్నట్టు ఇంగ్లీషులో టైపు చేయాలి. అంతుపట్టని చోట ‘వినబడలేదు’ అని పెట్టాలి. మా ఆయన ప్రభాకర్‌కి పామాయిల్ తోట ఉంది కాబట్టి ఆయనది పని. “మా ఆమెకేంది, ఫ్యాన్ కింద కూసొని పాటలు వింటది,” అని చుట్టాలతో అంటాడు. వాళ్లు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా.

ఆ రోజు వచ్చింది ఒక ఫోన్ కాల్ రికార్డింగు. అక్కడెక్కడో చిన్న ఊళ్లో ఒక పోలీసాయన భార్య చనిపోయింది. భర్త మీద ఆమె ఎన్నడూ ఫిర్యాదు చేయలేదని స్టేషన్ వాళ్ల వాదన. ఆమె నంబరు నుంచి స్టేషన్‌కు ఒక కాల్ వచ్చిన మాట నిజమే కానీ, పొరపాటున కలిసిందట, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదట. మా సూపర్‌వైజర్ నాగచైతన్య కూడా అదే అన్నాడు. “అందులో ఏం లేదు మేడమ్. ‘వినబడలేదు’ అని కొట్టి పంపేయండి, జల్దీ.”

ఏమీ లేకపోవడమేమిటి? కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. గిన్నె తగిలిన శబ్దం లేదు, చేయి కదిలిన శబ్దం లేదు. పని లేకుండా ఏ ఆడమనిషీ నీళ్లను అలా వదిలేయదు. వదిలిందంటే పక్కగదిలో ఎవరో ఉన్నారన్నమాట. నాకు తెలియదా? అమ్మతో మాట్లాడాలంటే నేనూ కుళాయి తిప్పుతాను. మా ఆయన నా మీద చెయ్యి చేసుకున్న సంగతి ఆ నీళ్ల చాటునే చెప్పాను. “సర్దుకుపో తల్లీ,” అని అమ్మ అన్నదీ అప్పుడే.

చేపల గిన్నె మీద మూత పెట్టి వచ్చి కూర్చున్నాను. విన్నాను, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మా ఊరి పక్క బొగ్గుగనిలో బ్లాస్టింగ్‌కి కిటికీ అద్దాలు గలగలమంటే ఆగి, మళ్లీ మొదలుపెట్టాను. చివరికి ఆ హోరులోంచి ఆమె దొరికింది. ‘నిన్న కూడా ఫోన్ చేశాను. ఇంటికెళ్లి సర్దుకుపొమ్మన్నారు. ఆయన పక్కగదిలోనే ఉన్నాడు.’ ఆ వెంటనే స్టేషన్ నుంచి ఒక మగగొంతు, విసుగ్గా: ‘మళ్లీ నువ్వా?’

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువగా ఒళ్లు మండింది. అప్పటికి సగం కాల్ అయింది; అంతవరకూ ఒక్క అక్షరం వదలకుండా కొట్టి పంపాను.

వెంటనే నాగచైతన్య ఫోన్. “ఇది రిస్క్ మేడమ్. నీళ్ల హోరులో మీకొక్కరికే మాటలెట్ల వినపడ్డయని రేపు వాళ్ల లాయర్లు అడుగుతరు. తీసేయండి. లేకపోతే ఇంకొకరికి ఇస్తా.”

“కింద నా పేరు పెట్టండి. విన్నది హైమ అని రాయండి. ఎవరడిగినా నన్నే అడగమనండి. తీసేశారో, చానెల్‌వాళ్లకు నేనే ఉత్తరం రాస్తాను.”

“ఏందో మేడమ్, మీరు... సరే. మిగతా సగం కూడా చూసి పంపండి.”

మిగతా సగం మొదలుపెట్టానో లేదో, హాల్లోంచి ప్రభాకర్ కేక. చినమామయ్య బసవపున్నయ్య వచ్చారు, మంచినీళ్లు కావాలి. పెళ్లయిన నాటి నుంచీ ఇలాంటి కేకకు నాది ఒకటే జవాబు. “అయ్యో, వినపడలేదండీ!” అంటూ కొంగుతో చేతులు తుడుచుకుని పరిగెత్తడం. పాటలు వింటదన్న మాటా అలాగే వినపడనట్టు ఊరుకున్నాను. అంతకంటే పెద్దవాటికీ ఊరుకున్నాను.

ప్రభాకర్ గుమ్మంలోకొచ్చాడు. వెనకే అత్తయ్య.

“ఏందే, ఇంతగనం పిలుస్తుంటే వినపడ్తలేదా?” అన్నాడు.

హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తప్పించాను.

“వినపడింది,” అన్నాను. “రాను.”