ఆదివారం నాలుగింటి మీటింగు

డాక్టరు చీటీ మీద రాసిచ్చిన అడ్రసులో తాళం వేలాడుతోంది. తలుపుకి ఒడియాలో రాసి అతికించిన కాగితాన్ని వాన సగం కడిగేసింది. మిగిలిన సగంలో ‘స్థలం మారింది’ అని ఉంది. ఎక్కడికి మారిందో ఆ వానకే తెలియాలి. చీటీలో ఉన్న ఫోను నంబరు స్విచ్చాఫ్.

“లేదు కదా, పోదాం పద,” అన్నాడు మా ఆయన. పరీక్ష వాయిదా పడ్డ కుర్రాడిలా మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన కన్నారావు రాయగడ మునిసిపాలిటీలో పంపు ఆపరేటరు. తాగుడు మానేసి పంతొమ్మిది రోజులైంది. ఇకమీద కూడా ఆగాలంటే మానేసినవాళ్ళ మధ్య కూర్చోవాలి, కొరాపుట్‌లో ప్రతి ఆదివారం నాలుగింటికి మీటింగు ఉంటుంది అని డాక్టరు చెప్పాడు. వారమంతా బతిమాలితే నిన్న రాత్రి మా ఆయన దిగివచ్చాడు. “ఒక్కసారే వత్తాను దుర్గా. దొరికితే సరి. నేదంటే మరింక నన్నడక్కు,” అన్నాడు. పోయినసారి మానేసినప్పుడు ఇరవై మూడో రోజున, పంపుహౌసు వెనకాల కాలవలో పడి ఉంటే మోసుకొచ్చారు. ఈ మీటింగు దొరక్కపోతే మళ్ళీ ఆ కాలవే. అందుకే ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటలు బస్సులో కక్కుకుంటూ వచ్చాను.

మూడూ ముప్పావు అయింది. ఎవరినైనా అడగాలి. ఎదురుగా తెలుగు బోర్డుతో కిరాణా కొట్టు ఉంది. కానీ ఏమని అడుగుతాం? ఇక్కడి తెలుగువాళ్ళకీ రాయగడ తెలుగువాళ్ళకీ చుట్టరికం లేని ఇల్లు లేదు. ఈ కొట్లో అన్న మాట మా బస్సుకంటే ముందు మా వీధికి చేరుతుంది.

“మా మరిదికి సంబంధం సూడ్డానికొచ్చేమండి. ఈ పక్కనేదో మీటింగు హాలుందట, దాని ఎనకిల్లన్నారు,” అన్నాను.

ఇంతకంటే తెలివితక్కువ అబద్ధం ఇంకొకటి ఉండదు. కొట్టు యజమాని అప్పలనరసింహం గారు పెళ్ళి సంబంధం అనే మాట చెవిన పడగానే కాటా వదిలేసి లేచారు.

“రామతులసీ! రాయగడ నుంచి సంబంధానికొచ్చేరు, కుర్చీలెయ్!” అని లోపలికి కేకేశారు. “ఇంటిపేరేటమ్మా? గోత్రమేటి? కుర్రోడేటి సేస్తాడు? ఎవులింటికి? సెప్పు, ఇక్కడ నాకు తెలీని ఇల్లేది!”

లేని ఇంటికి ఏ పేరు చెప్పను? పిల్ల తండ్రి పేరు మరిచిపోయానన్నాను. అయితే నేను కనుక్కుంటానని ఆయన ఫోన్లు మొదలుపెట్టారు. రామతులసి గారు చేగోడీలు తెచ్చారు. నా మరిది వయసు ఇరవై ఏడన్నాను, కాసేపటికి ముప్పై అన్నాను. నాకసలు మరిదే లేడు. గోడ గడియారం నాలుగు దాటింది, నాలుగుంపావు దాటింది. మా ఆయన చేగోడీలు నములుతూ వీధిలోకి చూస్తున్నాడు. నిమిషాలు ఇలా కరిగిపోతే ఆయనకే మేలు. ఆయన్ని తిట్టాలో నన్ను నేను తిట్టుకోవాలో తెలియలేదు.

“గుణుపురంలో మా బావమరిదికి రెండో పిల్లుంది,” అన్నారు అప్పలనరసింహం గారు ఫోను చేత్తో మూసి. “తాగుడూ గీగుడూ లేని కుర్రోడైతే సాలంటన్నారు. అలాటిదేటీ నేదు కదా?”

“మా ఇంటా వంటా లేదండి,” అనేశాను. తొమ్మిదేళ్ళుగా అలవాటైన నోరు. ఆఫీసుకి జ్వరమని, పెళ్ళిళ్ళలో కడుపునొప్పని, పిల్లలకి నాన్న నిద్రపోతున్నాడని.

మా ఆయన నమలడం ఆపేశాడు.

“సంబంధం నేదండి, ఏటీ నేదు,” అన్నాడు. “తాగేటోడు నేనే. పంతొమ్మిది రోజులైంది మానేసి. మానేసినోళ్ళ మీటింగు ఎతుక్కుంటూ వచ్చేం. మా ఆడది సిగ్గుపడి అలా సెప్పింది.”

సరుకుల కోసం నిలబడ్డ ఇద్దరూ ఇటు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పలనరసింహం గారు ఫోను పెట్టేశారు. “ఓలమ్మీ, ఆ ముక్క ముందే సెప్పొద్దేటి! నా గోడౌను మీదే కదా మీటింగు! వారం వారం టీపొడి మా కొట్లోంచే ఎల్తాది. బావూ, లెగు లెగు, టైమైపోతంది!”

గోడౌనంటే పక్క సందు. ఇరవై అడుగులు. ముప్పావుగంట సేపు నేను నోటితో కట్టిన గోడకి అవతల ఉంది ఆ మీటింగు.

మెట్ల పైన మనోరంజన్ అనే ఆయన ఎదురొచ్చాడు. మీటింగు నడిపేది తనేనట. వెంటనే అందుకున్నాను. “ఈయన పేరు కన్నారావండి, పంతొమ్మిది రోజులైంది, రాత్రిళ్ళు నిద్ర పట్టదు, అప్పుడప్పుడు చేతులు...”

“అపా... అక్కా, ఆయన చెప్తాడు,” అన్నాడు వచ్చీరాని తెలుగులో. “మీరు కింద కూర్చోండి. లోపల తాగినవాళ్ళే ఉంటారు.”

తలుపు వేసేశారు. బతిమాలింది నేను, కక్కుకున్నది నేను, నేనే బయట! కోపంతో మెట్టు మీద కూలబడ్డాను. పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి గానీ అర్థం కావడం లేదు. ఒకచోట మా ఆయన గొంతు చాలాసేపు సాగింది. నాతో అంతసేపు మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

అయిదున్నరకి దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు చూసి అలవాటుగా వాసన చూశాను. టీ వాసన.

“మళ్ళీ ఆదివారం వత్తాను,” అన్నాడు. “నువ్వు రాకు దుర్గా. నేనొక్కణ్ణే వత్తాను.”

నాలుగు గంటల దారి. బస్సు ఆగిన చోటల్లా ఒక సారా కొట్టు. వద్దు, నేనూ వస్తానని నాలుక చివరిదాకా వచ్చింది.

“సరే,” అన్నాను.