పూర్తికాని అంకె

సొలాంజ్ తోలు చేతితొడుగు తొడుగుతుంటే ఒనొరీన్ వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి దూరుతున్నాయి. ఎముకలకు చర్మం అంటుకున్న వేళ్ళు, కణుపుల దగ్గర ఉబ్బి వంకర తిరిగాయి. అయినా బొటనవేలు తనంతట తానే కుట్టు వెంట పాకింది. మీయో ఊళ్ళో చేతితొడుగులు కుట్టి బతికిన మనిషి ఆమె. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు. పక్కన కూర్చుని కుట్టినవాళ్ళూ లేరు.

"మిషన్ కుట్టు," అంది.

"ఈసారికి సర్దుకోండి మామ్మగారూ," అంది సొలాంజ్. వృద్ధాశ్రమంలో ఆమెను కనిపెట్టుకుని ఉండేది సొలాంజే. "ఇంకో ఏడాది ఓపిక పడితే దేశం మొత్తానికీ మీరే పెద్ద. మేయరుగారు కేకు తెస్తానన్నారు."

"ఆయన్నే తినమను. నాకు పళ్ళెక్కడివి?"

మొన్న మనవడు లూసియెన్ పోయాడు. కూతురి కొడుకు, పెళ్ళాం పిల్లలు లేనివాడు. ఆమెకు మిగిలిన ఒకే ఒక్కడు. ఏటా చనిపోయినవాళ్ళ పండుగకు చామంతి కుండీ ఆమె ఒళ్ళో పెట్టి, చక్రాల కుర్చీ తోసుకుంటూ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళేది అతనే. పండుగ రేపు. ఈ మధ్యాహ్నం అతన్నే పూడ్చాలి.

రాతిపనివాడు బాతిస్త్ టోపీ చేతుల్లో నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మీ కుటుంబ సమాధిలో ఇంక ఒక్క చోటే ఖాళీ ఉంది. మీది. మీ ఆయన పక్కన. లూసియెన్‌ని కొండమీది కొత్త వరసలో పెట్టమంటారా?"

ఆమె బొటనవేలు మళ్ళీ కుట్టు వెంట పాకింది. భర్త ఒక్తావ్ పోయిన రోజు, ఆ చోటుందన్న ధైర్యంతోనే ఇంటికి తిరిగి నడిచింది. కూతురు దెనీజ్‌ను అదే సమాధి కింది అరలోకి దించినప్పుడూ అదే ధైర్యం.

"రాయి మీద నా పేరుంది కదూ?"

"ఉందమ్మా, పుట్టిన ఏడుతో సహా. చనిపోయే ఏడుకి పంతొమ్మిది మాత్రం చెక్కి వదిలాడు మా తాత. మిగతా రెండంకెలూ తర్వాత చెక్కుదామని."

"తొందరపడ్డాడు."

"మీరింత మొండివారని ఆయనకేం తెలుసు!"

ఆమె పెదవి కొంచెం కదిలి ఆగింది. "వాణ్ణి వాళ్ళమ్మ దగ్గర పెట్టు. చిన్నప్పుడు ఒంటరిగా పడుకునేవాడు కాదు."

"మరి మీరు?"

"ఎక్కడో ఒకచోట పెట్టు. కొండమీద నాకెవరూ తెలీదు. ఇక్కడ మాత్రం ఎవరు తెలుసు?"

మధ్యాహ్నం సమాధి మీది రాయి పక్కకు జరిపారు. తాళ్ళ మీద పెట్టె దిగింది. తన చోటు ఇంత ఇరుకా అనుకుంది ఆమె. రాయి మళ్ళీ మూసుకున్నాక కుర్చీలోంచి వంగి, చేతితొడుగు వేలితో తన పేరు పక్కనున్న పంతొమ్మిదిలోని నాచు గీకింది. సొలాంజ్ వద్దనలేదు.

ఆశ్రమానికి వచ్చాక ఒనొరీన్ తన చేతితొడుగులు తియ్యనివ్వలేదు. కిటికీ వైపు తిప్పమంది. సొలాంజ్ సూపు తెచ్చింది.

"చల్లారిపోతుంది మామ్మగారూ."

ఒళ్ళో బొటనవేలు కుట్టు మీద ఆగి ఉంది. సూపు ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.

కొండమీద గాలి ఎక్కువ. ఒనొరీన్ శవపెట్టె వెంట వచ్చింది సొలాంజ్, బాతిస్త్, మేయరు, అంతే. పాత రాయి మీది పేరు చెరిపెయ్యమని బాతిస్త్‌కు చెప్పడానికి ఆమె మనుషులెవరూ లేరు. కింద లూసియెన్ చామంతుల వెనక అది అలాగే ఉంది: ఒనొరీన్, 1904, చిన్న గీత, 19, ఆ తర్వాత రెండంకెలకు సరిపడా నున్నటి రాయి.